1793 రాండల్ఫ్ కేసు: రిచర్డ్‌ను బయటపడేసింది పలుకుబడా, చట్టమా?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. అమెరికాలోని వర్జీనియాలో అంత పెద్ద జమీందారీ కుటుంబంలో, మరదలు నాన్సీకి పుట్టిన పసిబిడ్డను చంపాడన్న ఆరోపణ వస్తే రిచర్డ్ రాండల్ఫ్ ఒక్కరోజు విచారణతో ఎలా ఇంటికి వెళ్లిపోయాడు? అది అతని లాయరు పాట్రిక్ హెన్రీ వాక్చాతుర్యమేనా? బిడ్డ పుట్టిన మాట నిజమేనని 1815లో నాన్సీయే రాసింది కదా, మరి కోర్టు మోసపోయినట్టేనా?

వంశం పేరు, డబ్బు తప్పకుండా పనిచేశాయి. అయితే మేజిస్ట్రేట్లను కొనేశారనుకుంటే అసలు సంగతి చేజారిపోతుంది. ఎవరి నోటి మాట సాక్ష్యం, ఎవరిది వట్టి పుకారు అన్నది ఆనాటి వర్జీనియా చట్టం కేసు రాకముందే తేల్చిపెట్టింది. కేసు నిలబడనిది అక్కడే. హెన్రీ లేకపోయినా ఫలితం ఇదే అయ్యేదని నా అభిప్రాయం.

ముందు బంధుత్వాలు. ఇవి తెలియకపోతే కేసు అర్థం కాదు. రిచర్డ్ 1770లో పుట్టాడు. 1789 డిసెంబర్ 31న తన దగ్గరి చుట్టమే అయిన జూడిత్ రాండల్ఫ్‌ను పెళ్లాడాడు. ఆమె తండ్రి టకహో ఎస్టేట్ యజమాని థామస్ మాన్ రాండల్ఫ్. ఆయన 1790లో గాబ్రియెల్లా హార్వీ అనే చిన్న వయసు పిల్లను రెండో పెళ్లి చేసుకున్నాక, జూడిత్ చెల్లెలు నాన్సీ పుట్టింట్లో ఇమడలేక అక్కాబావల దగ్గరికి వచ్చేసింది. నాన్సీ అసలు పేరు ఆన్ కేరీ రాండల్ఫ్. అక్కాబావలుండే ప్లాంటేషన్ కంబర్లాండ్ కౌంటీలో, అపోమాటక్స్ నది ఒడ్డున ఉండేది. దాని పేరు బిజార్. రిచర్డ్ తమ్ముళ్లు థియోడోరిక్, జాన్ కూడా అక్కడికి వస్తూ పోతూ ఉండేవారు. వీళ్ల సవతి తండ్రి సెయింట్ జార్జ్ టక్కర్, విలియం అండ్ మేరీ కాలేజీలో న్యాయశాస్త్రం చెప్పే ఆచార్యుడు. జూడిత్, నాన్సీల అన్న థామస్ మాన్ రాండల్ఫ్ జూనియర్ భార్య మార్తా, థామస్ జెఫర్సన్ కూతురు. సాక్షుల జాబితా చూస్తే అందరూ ఒకరికొకరు పిన్నీ, అత్తా, వదినా, తోడల్లుడూ అయ్యేవాళ్లే.

మన పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. బావా మరదళ్ల మధ్య సంబంధం అంటే మనకు తోచేది ఒకటి, వాళ్లకు తోచింది మరొకటి. ఆంగ్లికన్ చర్చి నియమంలో భార్య చెల్లెలు సొంత చెల్లెలితో సమానం. భార్య పోయాక కూడా ఆమెను పెళ్లాడకూడదు. అందుకే రిచర్డ్ మీద వచ్చిన నింద అక్రమ సంబంధం దగ్గర ఆగలేదు, వావివరసలు తప్పాడనే దాకా పోయింది. హత్య ఆరోపణ లేకపోయినా ఆ కుటుంబం పరువు పోవడానికి అదొక్కటే చాలు.

ఇక ఆ రాత్రి. 1792 అక్టోబర్ 1న రిచర్డ్, జూడిత్, నాన్సీ, జాన్ తదితరులు బంధువు రాండల్ఫ్ హారిసన్ ఇంటికి, గ్లెంటివర్‌కు వెళ్లారు. ఇల్లు ఇంకా కడుతున్నారు. మేడ మీద రెండు గదులు: బయటి గదిలో రిచర్డ్, జూడిత్, దాన్ని దాటుకుని వెళ్లాల్సిన లోపలి గదిలో నాన్సీ. రాత్రి పై నుంచి కేకలు వినపడితే నాన్సీకి ఒంట్లో బాగాలేదేమోనని హారిసన్ భార్య కొవ్వొత్తి, నల్లమందు ద్రావకం పట్టుకుని పైకి వెళ్లింది. జూడిత్ మంచం మీద లేచి కూర్చుని ఉంది. లోపలి గది తలుపు గడియ పడి ఉంది. తాళం స్ప్రింగు పాడైనందున గడియ వేస్తే తప్ప ఆ తలుపు నిలవదని తర్వాత వివరణ వచ్చింది. తలుపు తీశాక, నాన్సీ కళ్లకు వెలుతురు పడటం లేదు, కొవ్వొత్తి లోపలికి తేవద్దన్నారు. గదిలో నాన్సీతో పాటు రిచర్డ్, ఇద్దరు బానిస పిల్లలు ఉన్నారు, పిల్లల్లో ఒకరికి ఏడేళ్లు, ఒకరికి పదిహేనేళ్లు. నొప్పి తగ్గిందనగానే హారిసన్ భార్య కిందికి దిగింది. ఆ తర్వాత మెట్ల మీద బరువైన అడుగులు దిగి మళ్లీ ఎక్కిన చప్పుడు వినపడింది. మర్నాడు మెట్ల మీదా, దిండు గలేబు మీదా రక్తపు మరకలు కనిపించాయి.

బానిసల నివాసాల్లో మాట త్వరగానే పుట్టింది. నాన్సీ ప్రసవించిందనీ, బిడ్డను ఇంటి బయట పేర్చిన చెక్క పెంకుల మీద పడేశారనీ. ఆ మాట హారిసన్ చెవిన పడి, ఆయన ఆ చోటుకు వెళ్లి చూసేసరికి ఆరేడు వారాలు గడిచిపోయాయి. ఆయనకు కనిపించింది మరక పడ్డ ఒక పెంకు మాత్రమే. ప్రాసిక్యూషన్ చేతిలో భౌతిక సాక్ష్యం ఏదైనా ఉందంటే ఆ పెంకే. మిగతాదంతా ఎవరో చూసినదానికీ, ఇంకెవరో ఊహించినదానికీ మధ్య నడిచిన మాట.

చాలా వ్యాసాలు దీన్ని ‘హత్య కేసులో జ్యూరీ నిర్దోషిగా విడుదల చేసింది’ అని రాస్తాయి. అది తప్పు. 1793 ఏప్రిల్ 29న కంబర్లాండ్‌లో కూర్చున్నది పరీక్షా న్యాయస్థానం. జ్యూరీ లేదు. మన దగ్గర మేజిస్ట్రేట్ కేసును సెషన్స్ కోర్టుకు కమిట్ చేసే దశ ఉంటుందే, దాదాపు అలాంటిది, కాకపోతే మరింత బరువున్నది. స్వేచ్ఛాపౌరుడి మీద ప్రాణాంతక నేరారోపణ వస్తే వరస ఇలా ఉండేది: ఒక మేజిస్ట్రేట్ వారంటు ఇస్తాడు; షెరీఫ్ పట్టి జైల్లో పెడతాడు; కొద్ది రోజుల్లో కౌంటీ మేజిస్ట్రేట్లందరినీ పిలిచి సాక్షులను వింటారు; కారణం ఉందనుకుంటే జిల్లా కోర్టుకు పంపుతారు; అక్కడ ముందు గ్రాండ్ జ్యూరీ, ఆ పైన పన్నెండు మంది జ్యూరీ. పరీక్షా న్యాయస్థానం దగ్గరే వదిలేస్తే అదే నేరం మీద మళ్లీ పట్టుకోవడానికి దాదాపు దారి ఉండేది కాదు. కాబట్టి డిఫెన్సు తన బలమంతా ఇక్కడే పెట్టింది.

ఆ మేజిస్ట్రేట్లు ఎవరు? న్యాయశాస్త్రం చదివినవాళ్లు కానక్కర్లేదు. ఆ కౌంటీ భూస్వాములే. ఖాళీ వస్తే ఎవరిని వెయ్యాలో ఆ కోర్టే సిఫారసు చేస్తుంది, గవర్నర్ నియమిస్తాడు. రిచర్డ్ లాంటి వాళ్లతో పొలం గట్లూ, పెళ్లిపేరంటాలూ పంచుకునేవాళ్లే బెంచి మీద కూర్చునేవారు. ఇదే మేజిస్ట్రేట్లు బానిస మీద ఉరిశిక్ష పడే నేరం మోపితే వేరే పద్ధతి నడిపేవారు: గ్రాండ్ జ్యూరీ లేదు, జ్యూరీ లేదు, వాళ్లే విని, వాళ్లే ఉరిశిక్ష వేయగలరు. ఒకే కోర్టు భవనం, ఒకే మనుషులు, రెండు రకాల న్యాయం. మీరు ‘పలుకుబడి’ అంటున్నది నిజానికి ఇలా చట్టం రూపంలోనే ఉంది.

ఇప్పుడు అసలు ముడి. ఆ రాత్రి గదిలో ఉన్న ఇద్దరు పిల్లలనూ, పెంకుల దగ్గర బిడ్డను చూశామన్నవాళ్లనూ కోర్టు ఎందుకు పిలవలేదు? పిలవడానికి చట్టం ఒప్పుకోదు కనుక. 1785 నాటి వర్జీనియా చట్టం ప్రకారం నల్లవాళ్లు, మిశ్రమ సంతతివాళ్లు నల్లవాళ్ల మీద ప్రభుత్వం నడిపే కేసుల్లోనూ, ఇరుపక్షాలూ నల్లవాళ్లే అయిన సివిల్ దావాల్లోనూ మాత్రమే సాక్ష్యం చెప్పొచ్చు. తెల్లవాడి మీద వాళ్ల మాట చెల్లదు. వాళ్లు చెప్పింది విన్న హారిసన్ కూడా దాన్ని చూసిన సంగతిగా చెప్పలేడు, తాను వెళ్లి చూసిన పెంకు గురించే చెప్పగలడు. రిచర్డ్ ప్రమాణం చేసి తన కేసులో తాను సాక్ష్యం చెప్పడానికి ఆనాటి నియమం ఒప్పుకోదు. నాన్సీ నోరు విప్పలేదు. ఆ గదిలో ఏం జరిగిందో తెలిసిన ఒక్కరి ప్రత్యక్ష సాక్ష్యం కూడా కోర్టు ముందుకు రాలేదు. వచ్చినవాళ్లంతా గోడకు ఇవతల ఉన్నవాళ్లు.

రెండో అడ్డంకి శవం. పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ న్యాయమూర్తి మాథ్యూ హేల్ హెచ్చరిక వర్జీనియా లాయర్లకు కంఠతా ఉండేది: చంపిన పని రుజువు కావాలి, కనీసం శవమైనా దొరకాలి, లేకపోతే హత్యానేరం వేయవద్దు. పసిబిడ్డ విషయంలో ఇంకో మెట్టు ఉంది. బిడ్డ ప్రాణంతో పుట్టిందని చూపాలి. గ్లెంటివర్‌లో శవం లేదు, కాన్పు అయిందన్న ఒప్పుకోలు లేదు, మంత్రసాని లేదు, వైద్యుడు పరీక్షించలేదు.

ఇక్కడ చదువరులు తరచుగా ఎత్తే అభ్యంతరం: దాచిపెట్టడమే నేరం కదా? నిజమే, అలాంటి చట్టం ఉండేది. ఇంగ్లండులో 1624లో వచ్చింది, వర్జీనియా దాన్ని 1710లో తెచ్చుకుంది. పెళ్లికాని తల్లి బిడ్డ చావును దాచిపెడితే హత్యగానే లెక్క. బిడ్డ చచ్చి పుట్టిందని కనీసం ఒక సాక్షితో ఆమే రుజువు చేసుకోవాలి. నిరూపణ భారం తిరగబడిందన్నమాట. కానీ ఆ ఊహ తల్లి మీద పనిచేస్తుంది. కోర్టు రికార్డులో హత్యాభియోగం రిచర్డ్ మీద ఉంది. అతని విషయంలో మామూలు నిరూపణ భారమే వర్తిస్తుంది. పైగా దాచడం అనాలన్నా ముందు ప్రసవం జరిగిందని తేలాలి. ఆ క్రూరమైన చట్టాన్ని ఇంగ్లండు 1803లో రద్దు చేసి, జననాన్ని దాచడాన్ని వేరే చిన్న నేరంగా మార్చి రెండేళ్ల శిక్షకు తగ్గించింది. మన ఐపీసీ 318వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 94వ సెక్షన్, ఆ ఆలోచన నుంచి వచ్చినవే. వాటిలోనూ శిక్ష రెండేళ్లే.

నాన్సీ వాళ్లకు మార్తా పంపిన గ్వాయకం అనే మందు గురించి ఇంటర్నెట్‌లో చాలా గట్టిగా రాస్తుంటారు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇది కరేబియన్ దీవుల చెట్టు నుంచి తీసే జిగురు. కీళ్లవాతానికీ, కడుపునొప్పికీ, ఆగిన బహిష్టు రావడానికీ వాడేవారు. ఇంట్లో మందులపెట్టె ఉన్న ప్రతి దొరసానికీ తెలిసిన వస్తువే. మార్తా సాక్ష్యం ఇది: కడుపునొప్పికి ఇది మంచి మందని తానే చెప్పింది, గర్భం పోయే ప్రమాదం ఉందని హెచ్చరించింది కూడా. తర్వాత వాళ్లు అడిగితే కొంత పంపింది. నాన్సీ గర్భవతేమోనన్న అనుమానం తనకు కలిగిందని కూడా చెప్పింది. అదే నోటితో, అంతకంటే ఎక్కువ మోతాదు ఒక గర్భవతికి ఇచ్చినా ఏమీ కాలేదని తనకు తెలుసనీ చెప్పింది. చూడండి, ఒకే సాక్షి రెండు పక్షాలకూ పనికొచ్చింది. ‘గర్భస్రావం మందు పంపారు, కాబట్టి రుజువైంది’ అనేవాళ్లు ఆ చివరి వాక్యం వదిలేస్తున్నారు.

లాయర్లు ముగ్గురు: పాట్రిక్ హెన్రీ, జాన్ మార్షల్, అలెగ్జాండర్ క్యాంప్‌బెల్. హెన్రీ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది నాన్సీ తల్లి తోబుట్టువు మిసెస్ పేజ్ సంగతి. నాన్సీ ఆకారం చూడటానికి తలుపు సందులోంచి తొంగిచూశానని ఆవిడ చెబితే, ‘ఏ కంటితో చూశారమ్మా?’ అని అడిగి హెన్రీ కోర్టు హాలంతా నవ్వించాడని కథ. ఇది నోటి నుంచి నోటికి వచ్చిన కథ. అది నిజమే అయినా, ఒక సాక్షి గౌరవాన్ని తగ్గించిందే తప్ప కేసును గెలిపించలేదు.

గెలిపించిన పని మార్షల్ నోట్సులో కనిపిస్తుంది. సాక్షుల మాటలు ఆయన చేత్తో రాసుకున్నవి ఈనాటికీ ఉన్నాయి, కేసు గురించి మాట్లాడేవాళ్లు ముందుగా చదవాల్సింది అదే. ఆయన పద్ధతి చాలా శ్రద్ధగా ఉంటుంది. అనుమానానికి చోటే లేదని ఆయన అనడు, చోటుందని ముందే ఒప్పుకుంటాడు. ఆ తర్వాత ఒక్కో అంశాన్నీ విడదీస్తాడు. రిచర్డ్, నాన్సీ అందరి ఎదుటే చనువుగా ఉండేవారా? తప్పు చేసినవాళ్లయితే దాన్ని దాచుకునేవారు కదా. ప్రసవం దగ్గరపడిన పిల్లను ఎవరైనా జనంతో నిండిన పరాయి ఇంటికి తీసుకెళతారా? రక్తానికీ, నొప్పికీ వేరే కారణాలు లేవా? విడివిడిగా ప్రతి ప్రశ్నకూ అమాయకమైన జవాబు దొరుకుతుంది. అన్నీ కలిపి చూస్తే అనుమానం పెరుగుతుంది. అందుకే కలిపి చూసే అవకాశం బెంచికి ఇవ్వకుండా విడగొట్టాడు. క్రిమినల్ లాయర్లు ఇప్పటికీ ఇలాగే వాదిస్తారు, ఇంతకంటే మెరుగ్గా చేసినవాళ్లు తక్కువ. మేజిస్ట్రేట్లు ఆ రోజే రిచర్డ్‌ను వదిలేశారు.

అసలు అతను కోర్టు దాకా ఎందుకు వెళ్లాడు, పుకార్లు పుట్టించినవాళ్ల మీద పరువునష్టం దావా వేయొచ్చు కదా అని కూడా అడగొచ్చు. దావా వేస్తే ప్రతివాది ‘నేనన్నది నిజమే’ అని వాదించొచ్చు. అప్పుడు నాన్సీ శీలం మీద జ్యూరీ ముందు నెలల తరబడి సాక్ష్యాలు నడుస్తాయి. పైగా సివిల్ దావాలో రుజువు తూకం తేలిక. అతను దీనికి విరుద్ధమైన దారి పట్టాడు. ఏప్రిల్ కోర్టు మొదటి రోజున కంబర్లాండ్‌లో హాజరవుతాను, ఆరోపణ ఉన్నవాళ్లు వచ్చి చెప్పండి అని వర్జీనియా గెజిట్‌లో బహిరంగ లేఖ వేశాడు. చెప్పినట్టే వెళ్లాడు, అరెస్టై జైల్లో కూర్చున్నాడు. అత్యంత బరువైన రుజువు అవసరమైన వేదికను తానే ఎంచుకున్నాడన్నమాట. విడుదలయ్యాక టక్కర్ జూడిత్ లేఖను పత్రికలో అచ్చు వేయించాడు: ఆ రాత్రంతా మెలకువగానే ఉన్నాననీ, తనను దాటకుండా బిడ్డను తీసుకెళ్లడం ఎవరికీ సాధ్యం కాదనీ. భార్య మాటను మించిన ధృవీకరణ ఊళ్లో ఎవరికి దొరుకుతుంది?

ఇప్పుడు 1815 లేఖ. రిచర్డ్ 1796లో చనిపోయాడు. నాన్సీ కొన్నేళ్లకు బిజార్ వదిలి, ఉత్తరాది ఊళ్లలో పేదరికంలో తిరిగి, 1809లో న్యూయార్క్ దగ్గర మోరిసానియాలో ఇంటి నిర్వహణ ఉద్యోగానికి చేరింది. యజమాని గవర్నీర్ మోరిస్, అమెరికా రాజ్యాంగం తుది పాఠం రాసినవాడు. పెళ్లి ఆలోచన రాగానే ఆయన జాన్ మార్షల్‌కే రాసి నాన్సీ పేరు గురించి విచారించాడు. అప్పటికి మార్షల్ అమెరికా ప్రధాన న్యాయమూర్తి. ఆ సంగతి మీద జనాభిప్రాయం రెండుగా చీలిందనీ, అది నిజమైతే అందరికంటే ఎక్కువ గాయపడే అక్కే ఆమెను తన ఇంట్లో ఉంచుకుందనీ ఆయన జవాబిచ్చాడు. 1809 డిసెంబర్ 25న పెళ్లయింది. 1813లో కొడుకు పుట్టాడు. అంతదాకా పెళ్లి చేసుకోని మోరిస్ ఆస్తి మీద ఆశపెట్టుకున్న మేనల్లుళ్లకు ఇది మింగుడుపడలేదు. 1814 అక్టోబర్ 31న జాన్ రాండల్ఫ్, రిచర్డ్ తమ్ముడే, పాత నిందలకు కొత్తవి జోడించి లేఖ రాసి మోరిస్‌కు చేరేలా పంపాడు.

1815 జనవరి 16న నాన్సీ ఇచ్చిన జవాబులో మీరన్న ఒప్పుకోలు ఉంది. అందులో ఏముందో జాగ్రత్తగా చూడండి. తాను థియోడోరిక్‌కు నిశ్చయమైన పిల్లనని, అతన్ని దేవుడి ఎదుట భర్తగానే భావించానని రాసింది. బిడ్డ అతనిదే, ప్రాణం లేకుండా పుట్టింది, రిచర్డ్ తన గౌరవం కాపాడటానికే మౌనం వహించాడు. థియోడోరిక్ జబ్బుతో 1792 ఫిబ్రవరిలో చనిపోయాడు. అక్టోబర్ 1కి ఏడున్నర నెలలు. లెక్క కుదురుతుంది, కానీ కుదరడం రుజువు కాదు. అంటే ఆమె ఒప్పుకున్నది ప్రసవం, హత్య కాదు. ఇది ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యమూ కాదు, ఎన్నికల సమయంలో జాన్ ప్రత్యర్థుల చేతికి చేరేలా పంచిన సమాధానం. ఆ ఏడాదే జాన్ మళ్లీ కాంగ్రెస్‌కు పోటీ చేసి గెలిచాడు. ఈ లేఖ 1793లో చేతికి దొరికినా రిచర్డ్‌కు హత్యానేరం అంటుకోదు. చచ్చి పుట్టిన బిడ్డను హత్య చేయడం కుదరదు. చిక్కు వచ్చేది నాన్సీకే: కాన్పు దాచిన పెళ్లికాని తల్లి బిడ్డ చచ్చి పుట్టిందని చెప్పే సాక్షిని చూపాల్సి వచ్చేది. గదిలో ఉన్న ఇద్దరు పిల్లలు సాక్ష్యానికి పనికిరారు. ఆ రోజు ఆమె మౌనమే ఆమెను కాపాడింది.

కాబట్టి కోర్టు మోసపోయిందా అంటే, తన ముందున్న సాక్ష్యంతో కోర్టు సరిగానే చేసింది. ఏ సాక్ష్యం తన ముందుకు రావచ్చో తేల్చిన చట్టమే అన్యాయమైనది.

ఒక చిన్న చేర్పు, వీలునామాల మీద ఆసక్తి ఉన్నవాళ్ల కోసం. ఆ కాలపు భర్తలు విధవ మళ్లీ పెళ్లాడితే భరణం తగ్గేలా రాయడం మామూలు. 1816లో చనిపోయిన మోరిస్ నాన్సీకి ఏడాదికి 2,600 డాలర్లు రాసి, ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే మరో 600 కలపమన్నాడు. రిచర్డ్ వీలునామా కూడా చదవదగ్గదే. బానిసత్వాన్ని తీవ్రంగా ఖండించి తన బానిసలకు స్వేచ్ఛ, భూమి ఇమ్మన్నాడు. ఎస్టేటు అప్పుల వల్ల అది అమలు కావడానికి 1810 దాకా పట్టింది. ఇంచుమించు 90 మంది ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో 350 ఎకరాల్లో స్థిరపడ్డారు, ఆ చోటుకు ఇజ్రాయెల్ హిల్ అని పేరు. అప్పటికి వాళ్లు స్వేచ్ఛాపౌరులే, అయినా తెల్లవాడి మీద సాక్ష్యం చెప్పే హక్కు మాత్రం వాళ్లకు రాలేదు.